మా అల్లిక ముచ్చట్లు

బరంపురములో ఊలు అల్లుచున్నామనిన నవ్వువారే యెక్కువ. "ఉక్కతో ప్రాణము విసుగుచున్న ఈ యూరిలో స్వెట్టరు లెవరికమ్మా?" అని అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. గోపాలపురపు సముద్రము మాకు పదిమైళ్ల దూరముననే యున్నది. ఏడాదిలో పదినెలలు చెమట ఆరదు. మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున కొంత చలి తగులును. ప్రొద్దెక్కినంతనే అదియు పోవును. అయినను అల్లుటకు కారణము లేకపోలేదు. తీరము విడిచి పడమటికి పోయిన కొండలున్నవి. ఫుల్బాణికి, కోరాపుట్టునకు బదిలీమీద పోయిన గుమాస్తాలును, ఉపాధ్యాయులును మన తెలుగు కుటుంబములలో ఎందరో కలరు. చలి ముదిరిన రాత్రులలో దారింగిబాడి గడ్డిమీద మంచు పేరుకొనునని వారు కన్నులార చూచినవారే. నేడు పిల్లలు ఢిల్లీలోను, పూనాలోను, సముద్రములకావలను కాపురములు పెట్టిరి. మా యూలు మా యూరి చలికి కాదు, మావారున్న చోటి చలికి.

ఈ వ్రాతకు పూనుకొన్న మేము మెట్రిక్యులేషను చదివి, సర్కారు కచేరీలో గుమాస్తాపని చేసి, విరమించుకొన్నవారము. పండితులము కాము. బుధవారము, శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు ఎవరో యొకరి వసారాలో తొమ్మిదిమందిమి కూడుదుము. చాపలు పరచుకొని, ఊలుబుట్టలు ముందు పెట్టుకొని, దీపము పెట్టు వేళవరకు అల్లుదుము. అందరిలోకి చిన్నావిడకు నలుబదియేండ్లు. పెద్దలు డెబ్బది దాటినవారు. వదినెగారు, పిన్నిగారు, అక్కయ్యగారు అనియే పిలుచుకొందుము. ఒక ఒడియా సోదరి కూడ ఎన్నో యేండ్లుగా మాతో కలిసి యున్నది. ఆమెను మేమందరము అపా అందుము. చేతులు పనిలో నుండగా నోళ్లు ఊరకుండవు. కాని మా మాటలలో సగము కష్టములు చెప్పుకొనుట, తక్కిన సగము వానికి ఉపాయములు చెప్పుకొనుట. అట్టివానిని కొన్ని యిచట పొందుపరచుచున్నాము.

మొదట మాటల సంగతి. అల్లికకు మూలము రెండే కుట్లు. వానిని మేము సూటి, తిరుగు అందుము. అపా సిధా, ఓలటా అనును. ఉత్తరదేశమున కాపురము చేసి వచ్చిన వదినెగారు సీధా, ఉల్టా అనియు, కుట్టును ఫందా అనియు చెప్పును. బడిలో నేర్చినవారు నిట్టు, పర్లు అందురు. ఒకే వసారాలో నాలుగు భాషలు వినబడును. ఎవరు ఏమన్నను సూదికి తెలియును గనుక పేచీ రాదు. కాని ఒకరు చదువగా ఒకరు అల్లవలసి వచ్చినప్పుడు మాత్రము ముందుగా ఒకే భాషకు ఒప్పుకొందుము. లేనిచో నాలుగవ వరుసకే నమూనా తప్పును.

మా మొదటి శత్రువు చెమట. అరచేయి తడిసిన ఊలు సూదిమీద జరుగదు. అల్యూమినియపు సూదులైనచో చేతికి నల్లని మసి అంటి, తెల్లని ఊలు చెడిపోవును. ఎండకాలమున తెల్లవారుజామున అల్లుట, ఒడిలో మెత్తని నూలుగుడ్డ పరచుకొనుట, లేత రంగుల పనికి వెదురుసూదులే పట్టుట మాకు అలవాటైనవి. వెదురు చెమటను కొంత పీల్చుకొనును, కుట్టును జారనీయదు. రెండవ శత్రువు ఉప్పుగాలి. ఉక్కుసూదులకు రెండు వానలకే తుప్పు పట్టును. పని ముగించిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చేయి రాసి, ఫ్లానెలు గుడ్డలో చుట్టిపెట్టుదుము. మరల అల్లుటకు ముందు నూనె పూర్తిగ తుడువవలెను. మూడవది బూజు. ఆషాఢము మొదలు ఆశ్వయుజమువరకు ఊలును బిగుతైన ప్లాస్టిక్కు సంచిలో మూసి యుంచరాదు. లోపలి తేమ లోపలనే నిలుచును. పాత నూలుచీర ముక్కలలో మూటగట్టి, నీడలో ఎండిన వేపాకు చేర్చి, ఎండ కాచిన దినమున విప్పి గాలికి పెట్టవలెను.

ఇక కొనుగోలు. మా యూరి అంగళ్లలో ఊలనిన పేరుతో దొరకునది చాలవరకు ఆక్రిలిక్కు. అది చెడ్డదని కాదు. పిల్లల బట్టలకు, తరచుగా ఉతుకువానికి అదియే మేలు. కాని ఉన్ని వెల యిచ్చి ఆక్రిలిక్కు తెచ్చుకొనరాదు. తెలియుట కొక పరీక్ష కలదు. బెత్తెడు పోగు త్రెంచి, పట్టుకారుతో పట్టి, నీటిపళ్లెము ప్రక్కన నుంచుకొని అంటింపవలెను. ఉన్ని నెమ్మదిగా కాలి, వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపిన బూడిదయగును. ఆక్రిలిక్కు కరగి గట్టి నల్లని పూస కట్టును. కలగలుపైనచో రెండును కనబడును. మరియొక చిక్కు రంగు. ఒకే యెరుపు, ఒకే కంపెనీ. అయినను రెండు మారులు కొనిన ఉండలు ప్రక్కప్రక్కన తేడా చూపును. చీటీమీద అద్దకపు లాటు నంబరు ఉండును; అది కలియునట్లు కావలసిన దంతయు ఒకేసారి కొనవలెను. తప్పనిసరియై వేరు లాటు వచ్చినప్పుడు, రెండు వరుసలు పాత ఉండతో, రెండు వరుసలు క్రొత్త ఉండతో మార్చి మార్చి అల్లిన యెడల తేడా కంటికి ఆనదు. చీటీని పారవేయక ఉండ నడుమ దోపి యుంచుట గుమాస్తా బుద్ధియని మావారు పరిహసింతురు. కాని ఆ చీటీకొరకు మా యింటికి వచ్చినవారు పలువురు.

సూదుల విషయమున పొదుపు మా పెద్దలనుండి వచ్చినది. సన్నని పనికి సైకిలుచక్రపు పుల్లలను కోయించి, కొనలు రాతిమీద నూరి, గరుకుకాగితముతో నునుపు చేసి వాడిరి. అవి సుమారు రెండు మిల్లీమీటర్ల మందము. మన అంగళ్ల లెక్కలో 14వ నంబరునకు సరిపోవును. లావు సూదులకు ముదిరిన వెదురు చీల్చి, చెక్కి, ఆముదము పట్టించి ఆరబెట్టిరి. నేడు అమెరికానుండి మనుమరాండ్రు మంచి సూదులు పంపుచున్నారు. సంతోషమే, కాని అచ్చట నంబరు పెరిగిన సూది లావగును, ఇచ్చటి పాత బ్రిటిషు లెక్కలో నంబరు పెరిగిన సూది సన్నమగును. మన 8వ నంబరు నాలుగు మిల్లీమీటర్లు; వారి 8వ నంబరు ఐదు. ఈ తిరకాసు తెలియక ఒక పిన్నిగారు అల్లిన టోపీ బాలునకు బదులు వాని తాతగారికి సరిపోయెను. నాటినుండి మేము నంబరును నమ్మక, అట్టముక్కమీద తెలిసిన సూదులతో రంధ్రములు పొడిచి, ప్రక్కన మిల్లీమీటర్లు వ్రాసి, ఆ యట్టతోనే కొలుచుకొనుచున్నాము.

లెక్క తప్పుట అందరికిని వచ్చు కష్టము. ఫోను మ్రోగును, పాలవాడు పిలుచును, ఎన్నవ వరుసయో మరతుము. రెండు గిన్నెలు పెట్టుకొని, వరుస ముగిసినప్పుడెల్ల ఒక చింతపిక్కను ఈ గిన్నెనుండి ఆ గిన్నెలోనికి వేసినచో మధ్యలో లేచిపోయినను భయము లేదు. ఉండ దొర్లి మంచము క్రిందికి పోకుండుటకు పాత టీకెటిలులో నుంచి, పోగును దాని మూతినుండి లాగుదుము. పిల్లి కూడ ఏమియు చేయలేదు. జాలిపని వంటి చిక్కునమూనా అల్లునపుడు, పది పన్నెండు వరుసల కొకసారి సూదిమీది కుట్లన్నిటి గుండ నున్నని నూలుదారము ఎక్కించి వదలుదుము. తరువాత ఎక్కడ తప్పినను ఆ దారమువరకే విప్పవలసి వచ్చును, మొదటికి పోనక్కరలేదు. ఉండ ముగిసి క్రొత్తది కలుపుటకు, నిజమైన ఉన్ని యైనచో రెండు కొనలను పురివిప్పి, ఒకదానిమీద ఒకటి ఉంచి, నీటితో తడిపి అరచేతుల నడుమ గట్టిగ రుద్దిన ముడి లేకుండ అతుకును. ఆక్రిలిక్కు అట్లు అతుకదు. దానికి కొనలను సూదితో లోపల దాచుటే గతి.

పాతదానిని విప్పి క్రొత్తది అల్లుట మా విద్యలలో కెల్ల పెద్దది. విప్పిన ఊలు ఉంగరములు తిరిగి యుండును. అట్లే అల్లిన కుట్లు సమముగా రావు. దానిని కుర్చీవీపునకు చుట్టి చిలుపగా తీసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీట కొంచెము కుంకుడురసము కలిపి నానవేసి, రుద్దక పిండక పైకి తీసి, నీడలో వ్రేలాడదీసి అడుగున తేలికైన బరువు కట్టిన యెడల ఆరునప్పటికి తిన్ననగును. వేడినీరు పోయరాదు. ఉన్నిపోగుమీద చేపపొలుసులవంటి సన్నని పొరలుండును. వేడియు రాపిడియు తగిలిన అవి ఒకదానిలో నొకటి చిక్కుకొని, బట్ట ముడుచుకొని దుప్పటివలె గట్టిపడును. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినది. మా కూటమిలో ఇద్దరి యిండ్ల పైకప్పులు లేచి, ట్రంకుపెట్టెలలోనికి నీరు దిగెను. దీపములు లేని దినములు. బజారున ఏమియు దొరకలేదు. తడిసిన స్వెట్టర్లను మరక పట్టకముందే అందరము పంచుకొని విప్పి, కడిగి, ఆరబెట్టితిమి. బాగున్న ఊలునంతయు కలిపి చారల దుప్పట్లు అల్లితిమి. ఏ చార ఎవరి స్వెట్టరో నేటికిని గుర్తుపట్టి చెప్పుకొందుము.

ఎదుగు పిల్లలకు అల్లుటలో ఒక మెలకువ కలదు. అల్లిన బట్ట ముగించిన కొసనుండియే సులువుగ విడును. ఎత్తుకొన్న కొసనుండి విడదు. ముంజేతినుండి మొదలుపెట్టి భుజమువరకు చేయి అల్లినచో, మరుసటి యేట పొడిగింప వీలు కాదు. అందుచే భుజముకడ కుట్లు ఎత్తుకొని ముంజేతికి దిగవలెను. చిన్నదైనప్పుడు అంచు విప్పి, మిగిల్చి యుంచిన ఉండతో రెండంగుళములు పెంచి, మరల అంచు వేయవచ్చును. నడుమునకును ఇదే పద్ధతి. మెడ బిగిసి, పిల్లవాడు తొడుగనని యేడ్చుట మరియొక గోడు. మెడపట్టీని ముగించునపుడు మాత్రము రెండు నంబరులు లావైన సూది పట్టిన సాగుదల వచ్చును.

పుస్తకము లేకుండ కొలత కట్టుటకు గుమాస్తా లెక్క చాలును. ముందుగా చదరపు ముక్క యొకటి అల్లి, ఉతికి, ఆరినపిదప నడుమ నాలుగంగుళములలో ఎన్ని కుట్లో లెక్కింపవలెను. ఇరువది రెండు వచ్చినచో అంగుళమునకు అయిదున్నర. ఇరువది యెనిమిదంగుళముల చుట్టుకొలతకు 154 కుట్లు కావలెను. ఆ ముక్క అల్లుటకు బద్ధకించి, చేయి కొంచెము వదులై అంగుళమునకు అయిదే పడినచో అవే 154 కుట్లు దాదాపు ముప్పది యొక్క అంగుళములగును. స్వెట్టరు అన్నకు కాక నాన్నకు చేరును. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మెర్మన్ అను విదుషీమణి, ఛాతీ కుట్లనే నూరుపాళ్లుగా నెంచి తక్కిన భాగములను అందులో పాళ్లుగా కట్టు సులువును ప్రచారము చేసెను. మణికట్టునకు ఇరువదిపాళ్లు, మెడకు సుమారు నలుబదిపాళ్లు. మా 154లో అయిదవవంతు ముప్పదియొక్కటి; రెండు సూటి, రెండు తిరుగు పట్టీకి నాలుగుతో భాగింపబడునట్లు ముప్పదిరెండు చేసికొందుము. మా బామ్మలు బెత్తెలతోను, జానలతోను చేసిన పని ఇదియే. వారు దానికి పేరు పెట్టలేదు.

ఇక ఉపాయము లేదనుకొన్న కష్ట మొకటి కలదు. "మీరు ఊరకనే కూర్చుందురు గదా, మా మనుమనికి కూడ ఒకటి అల్లిపెట్టుడు" అని యడుగువారు. బజారున యంత్రముమీద అల్లిన స్వెట్టరు చవుకగా దొరకును. చలికాలమున టిబెట్టువారి దుకాణములలో రంగురంగులవి వ్రేలాడును. 1963లో చంద్రగిరి ప్రాంతమున, నాటి మన గంజాము జిల్లాలో, నేటి గజపతి జిల్లాలో, వారికి నివాస మేర్పడినది. చేతితో అల్లినదానికి ముప్పది నలుబది గంటలు పట్టును. ఆ గంటలను ఎవరును లెక్కవేయరు. మన పశ్చిమగోదావరి నరసాపురపు క్రోషియా లేసు లోకప్రసిద్ధము. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. కాని మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు అచ్చటి స్త్రీలను గూర్చి 1982లో ప్రచురించిన గ్రంథములో, అది గృహిణులు తీరికవేళ చేయు పనియని యెంచుటవలననే వారి కూలి అంత హీనముగ నుండెనని చూపెను. మేము కూలికి అల్లువారము కాము. అయినను ఊరకనే అనుమాట మమ్మును గ్రుచ్చును. కావున మా కూటమి యొక కట్టుబాటు చేసికొన్నది. అడిగినవారు ఊలు తామే తేవలెను. చేయగల పని యొకటి మారుగా చేయవలెను. ఒకరు కరెంటుబిల్లులు కట్టివచ్చిరి, ఒకరు కంటివైద్యునికడకు తోడువచ్చిరి, ఒకరు ఆవకాయ పెట్టియిచ్చిరి. అడుగువారు తగ్గిరి, అడిగినవారు మాత్రము ఆ స్వెట్టరును చేతితోనే ఉతుకుచున్నారు.

ఇన్నిటికిని మించిన కష్టము మూడేండ్ల క్రిందట వచ్చినది. మా కందరికి అల్లిక దిద్దిన పెద్దక్కయ్యగారు ఎనుబదియారవ యేట కాలము చేసిరి. కర్మలు ముగిసిన పిదప ఆమె మనుమరాలు భువనేశ్వరమునుండి ఒక సంచి పట్టుకొని మా వసారాకు వచ్చెను. సంచిలో మునిమనుమనికని మొదలుపెట్టిన నీలపు స్వెట్టరు; వీపు, రొమ్ము, ఎడమచేయి అయినవి; కుడిచేయి జానెడు మాత్రము దిగినది. ప్రక్కన అట్టవేసిన నోటుపుస్తకము. పిల్ల ఇంట తెలుగు చక్కగ మాటలాడును. బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్చినది గాని తెలుగు చదువలేదు. పుస్తకములో అంకెలు కూడ పాతకాలపు తెలుగు అంకెలే. అందుచే బామ్మ చేతివ్రాతలో ఒక్క కుట్టును పోల్చుకొనలేక పోయెను. "ఇందులో ఏమున్నదో చదివి చెప్పుడు అత్తయ్యా," అని యడిగెను.

చదివితిమి. సూ అనిన సూటి, తి అనిన తిరుగు. వరుస వెంబడి వరుస. నడుమ నడుమ ఊలు తూకము, సూది నంబరు, ఎవరి కల్లినది, ఏ యేడు. నలుబదియేండ్ల స్వెట్టర్లు అందులో నున్నవి. మాలో ముగ్గురి పిల్లల పేళ్లు కనబడినవి. పట్టుచీర అంచులోని కుంభములను గళ్లకాగితముమీద దించి స్వెట్టరు అంచునకు సరిచేసిన పుట యొకటి, వెనుక పోగు నాలుగు కుట్లకన్న ఎక్కువ వ్రేలాడరాదు, వ్రేళ్లు తగులుకొనును అను హెచ్చరికతో నున్నది. చివరి పుటలో నీలపు స్వెట్టరు లెక్క. దాని క్రింద, "చేతులు అంగుళము ఎక్కువ. వచ్చే యేటికి కూడ రావలెను" అని వ్రాసి యుండెను. కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

ఆ చేయి ముగింపవలెను. కాని ఒకరి చేయి మరియొకరికి రాదు. ఆమెది బిగుతైన చేయి. 9వ నంబరు సూదితో అల్లినది. తొమ్మిదిమందిమి అదే ఊలుతో తలా యొక ముక్క అల్లి, ఎడమచేతి ప్రక్కన పెట్టి కుట్లు లెక్కించితిమి. అందరివి వదులే. తుదకు అపా 10వ నంబరు సూది పట్టి అల్లిన ముక్క సరిపోయినది. ఆమెయే ముగించెను. పరికించి చూచిన జానెడు క్రింద సన్నని తేడా గీత కనబడును. ఆ బాలుడు రెండు చలికాలములు దానిని తొడిగెను. మనుమరాలు నెలకొకసారి వచ్చి మాకడ అల్లిక నేర్చుకొనుచున్నది. ఆమె తెలుగులో మొదట గుర్తుపట్టిన అక్షరములు అ, ఆలు కావు; సూ, తి. తరువాత అంకెలు పది. ఇప్పుడు పుస్తకములో సగము తానే చదువుకొనును. మిగిలినది ఫోనులో అడుగును.

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి బరంపురము అందులో చేరిననాటినుండి, మన భాష నిలుచునా యని మన సభలలో పెద్దలు ప్రసంగించుచునే యున్నారు. బడులగూర్చి, గ్రంథాలయములగూర్చి వారు చెప్పునవి అవసరములే. వానికి తోడు మేము చెప్పగలిగినది చిన్నమాట. మన యిండ్లలో అల్లికయే కాదు, వడియములు, పచ్చళ్లు, పురిటిమందులు, ముగ్గులు, ఇవన్నియు తెలుగులోనే తెలిసియున్నవి. తెలిసినవారు పోయిన వెంటనే అవియు పోవును. కావున అమ్మలారా, అక్కలారా, ఒక నోటుపుస్తకము కొనుడు. పెద్ద యక్షరములతో తెలుగులో వ్రాయుడు. గుర్తులు వాడినచో మొదటి పుటలో వాని యర్థము వ్రాయుడు. ఊలు చీటీని, నాలుగంగుళముల ముక్కను ప్రక్కన కుట్టుడు. తేదీ వేయుడు. పిమ్మట ఇంటిలోని పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీరు అల్లుచుండగా ఆ పుస్తకమును పైకి చదువుమనుడు. తడబడిన దిద్దుడు, వరుస తప్పిన విప్పుడు. ఊలునకు ఏమియు కాదు.